లోపలికి రాని చప్పుడు

వెలగలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఆమె పెట్టె మీది మీటను కుడివైపు చివరిదాకా తిప్పేసింది, ఇక తిరగడానికి దానికీ చోటు లేదు, ఆకుపచ్చ దీపం ఉన్నానా లేనా అన్నట్టు ఒకసారి మినుకుమని ఊరుకుంది, దాని పక్కన వెలగాల్సిన ఎర్రదీపం మాత్రం అలిగిన పెళ్ళికొడుకులా కూర్చుంది. హెడ్‌ఫోన్స్ లోపల హిస్సుమనే సొద, ఆ సొద అడుగున ఎక్కడో, పక్క వీధిలో ఎవరో బట్టలుతుకుతున్నంత దూరంగా, అమ్మ కుట్టుమిషను టకటక. అమ్మేమో దూరంగా లేదు. పది అడుగుల అవతల, హాలువాళ్ళు ఇచ్చిన చెక్కబల్ల ముందు, నిటారుగా కూర్చుని చేతిమిషను చక్రం తిప్పుతూనే ఉంది, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో దిండు గలీబు అంచుని సూది కిందికి తోస్తూ, మధ్యమధ్య తలెత్తి కూతురి ముఖంలోకి చూసి, అక్కడ ఏమీ దొరక్క, మళ్ళీ గుడ్డలోకి తల దించుకుంటూ. పొద్దున బాగానే ఉంది కదా. పొద్దున ఇదే బల్ల, ఇదే మిషను, ఇదే తీగ, మీట సగం కూడా తిప్పకుండానే ఎర్రదీపం కుట్టుకుట్టుకీ టపటపా వెలిగి, పెట్టెలోంచి ఒక్కో కుట్టుకీ ఒక్కో స్వరం గంటకొట్టినట్టు వచ్చింది కదా. పొద్దున్న ఉన్నది ఇప్పుడెందుకు లేదు? ఇంకో గంటలో తలుపులు తీస్తారు, వినేవాళ్ళు వస్తారు. కుర్చీలన్నీ వేసేశారు. మూడో వరసలో, నడవ పక్క కుర్చీలో, నాన్న.

నాన్న నిద్రపోతున్నారు. రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, తిన్నంత తిని, పడుకోకుండా నేరుగా ఇటే వచ్చారు, మళ్ళీ ఈ రాత్రి మిల్లుకు పోవాలి, మధ్యలో ఉన్న ఈ కాస్త పగలూ కూతురి కోసం ఇచ్చేశారు. కుర్చీలో కూర్చున్న మరుక్షణం గడ్డం ఛాతీమీదికి వాలిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె చేసేది చూడడానికి ఆయన రావడం ఇదే మొదటిసారి. ఆమెకు పగలంతా కరెంటు మీటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసే పరీక్షశాలలో ఉద్యోగం, ఇంటిల్లిపాదిలో మొదట డిగ్రీ పట్టా పుచ్చుకున్నది తనే, దాని మర్యాదకు తగ్గ ఉద్యోగం అది, అందులో ఎవరికీ అనుమానం లేదు. సాయంత్రాలు మాత్రం ఈ పెట్టె. ఒక్కో ముక్కా ఒక్కోసారి కొనుక్కుని, కొన్ని తనే అతికి, వరసగా బిగించుకున్న మాడ్యులర్ సింథసైజరు. ఒక ముక్క చప్పుడు పుట్టిస్తుంది, ఒక ముక్క దాన్ని వడకడుతుంది, ఒక ముక్క ఎప్పుడు మొదలవ్వాలో ఎప్పుడు ఆగాలో చెబుతుంది, ఒకదాన్నించి ఒకదానికి రంగురంగుల తీగలు. ఇంట్లో దాని పేరు టెలిఫోన్ ఎక్స్ఛేంజి. "ఎక్స్ఛేంజి మూసి అన్నానికి రావే" అని అమ్మ. అంతే, ఇంట్లో దాని గురించి అంతకుమించి మాట లేదు. అందులోంచి ఏం వస్తుందో ఇంట్లో ఎవరూ వినలేదు, ఎలా వింటారు, ఎప్పుడూ హెడ్‌ఫోన్స్‌లోనే కదా. ఒకనాడు ఏమనుకుందో ఏమో, "అమ్మా, నీ మిషనుతో ఒక పాట చేద్దామనుకుంటున్నాను, నువ్వొచ్చి కుట్టాలి" అంది. అమ్మ నవ్వలేదు. "నా మిషనా? అదేం పాడుతుందే?" అని అడిగి, తర్వాత వారమంతా ఎవరికీ చెప్పకుండా దానికి నూనె వేసుకుంటూ, తుడుచుకుంటూ ఉంది. ఇవాళ తన పాత దుప్పట్లో పసిపిల్లను చుట్టినట్టు చుట్టి, దారంతా ఒళ్ళో పెట్టుకునే వచ్చింది.

తీగ పాడైందేమో. మార్చింది. అదే మినుకు. జాక్ సగమే దిగిందేమో, ఒక్కోసారి లోపలికి దిగినట్టే ఉండి దిగదు, తీసి, ఊది, మళ్ళీ టక్కున శబ్దం వచ్చేదాకా తోసింది, తోస్తూ ఆ టక్కుకి మూడో వరసవైపు చూసింది, నాన్న కదల్లేదు. అసలీ పెట్టెతో తగువే ఇది, బయటినుంచి వచ్చే చప్పుడంటే దానికి చిన్నచూపు, తనలో తాను పుట్టించుకునే సిగ్నల్ ఏనుగంత ఉంటుంది, మైకులోంచి వచ్చేది చీమంత, ఆ చీమను పట్టుకుని ఏనుగంత చేయడానికే మొదటి ముక్క ఉంది, దాని మీదే ఈ మీట, దాని మీదే ఈ దీపాలు. ఎర్రదీపం వెలిగేంత బలం ఉంటేనే తర్వాతి ముక్క ఇటు తిరిగి చూస్తుంది, అప్పుడే స్వరం మోగుతుంది. అంత బలం లేకపోతే అమ్మ తెల్లవార్లూ కుట్టినా దాని లెక్కలో అమ్మ లేనట్టే. ఆ ముక్కే చెడిందేమో. తనే అతికింది కదా, అతుకు ఊడి ఉంటుంది, ఎవరో కొన్నవైతే ఊడవు, తను అతికిందే ఊడుతుంది. పెట్టెలోనే పుట్టే ఒక స్వరాన్ని తీగతో తెచ్చి ఆ మొదటి ముక్క నోట్లోనే పెట్టి చూసింది, పెట్టీపెట్టగానే ఎర్రదీపం భగ్గుమంది, కళ్ళు చెదిరేటట్టు. అంటే ముక్క మంచిదే. ఊపిరి వదిలింది, సగమే వదిలింది, ఎందుకంటే ముక్క మంచిదైతే మరి చెడ్డది ఏది?

తప్పు ముందు తనలో వెతుక్కోవడం పాత అలవాటు. బళ్ళో టీచరు లేపి అడిగితే జవాబు తెలిసీ పెదాల దగ్గరే చెప్పేది, "నోట్లో ముద్ద పెట్టుకున్నావా? వెనక బెంచీకి వినపడాలి" అని గద్దించేవారు, వెనక బెంచీ దాకా గొంతు పంపడం ఎలాగో ఆమెకు నిజంగా తెలియదు, ఇంట్లో ఆ పని ఎప్పుడూ పడలేదు. రెండు గదుల ఇల్లు, లోపలి గదిలో పగలంతా నాన్న నిద్ర, బయటి గదిలో మిగతా బతుకంతా. తలుపు గొళ్ళేనికి గుడ్డపేలిక చుట్టి ఉండేది. గిన్నె కింద పెట్టాలంటే గుడ్డమీద పెట్టాలి. కుక్కర్ కూతకు రాకముందే అమ్మ పరుగెత్తుకెళ్ళి దించేది, దించలేకపోతే గొంతు నొక్కినట్టు చేత్తో గుడ్డ వేసి నొక్కేది. చెప్పులు గుమ్మం బయటే. పాఠాలు పెదాలతో చదువుకోవాలి, ఏడుపొస్తే పెరట్లోకి పోయి ఏడవాలి, నవ్వొస్తే దిండులో. అడుగుల చప్పుడు లేకుండా తిరిగీ తిరిగీ ఆమెకు పిల్లి అని పేరొచ్చింది, మొదట అన్నది నాన్నే, "ఎప్పుడొచ్చావే పిల్లీ, నా వెనకే ఉన్నావా!" అని ఒకసారి ఉలిక్కిపడి. ఉద్యోగంలో కూడా పెద్దసారు ప్రతి మీటింగులోనూ "కొంచెం గట్టిగా అమ్మా" అంటారు, మొన్నొకరోజు ఆమె అస్సలు మాట్లాడకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా అలవాటుకొద్దీ అనేశారు. అందుకేనేమో, కాలేజీ రోజుల్లో ఒక స్నేహితురాలి గదిలో మొదటిసారి ఇలాంటి పెట్టెకు హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నప్పుడు వాటిని రెండు చేతులతో చెవులకు అదుముకుంది. ఎంత పెద్ద చప్పుడు! కొండలు దొర్లినంత, రైలు వంతెన మీద పోయినంత, అదంతా తన చెవుల మధ్యే. బయట గదిలో చీమ కూడా లేవలేదు. ఎవరినీ నిద్రలేపకుండా అరవొచ్చని ఆరోజు తెలిసింది.

"ఏమైందమ్మా? ఇంకా కాలేదా?" సౌండు చూసుకునే ఆయన మెట్లెక్కి వస్తూనే అరిచాడు, ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు.

"ష్! అన్నా... నాన్న పడుకున్నారు."

ఆయన మూడో వరసకేసి చూసి, నాలిక కరుచుకుని, మునివేళ్ళమీద దగ్గరికొచ్చి, ఇంతలావు మనిషి అంత చిన్నగా వంగి, "ఏమైంది?" అన్నాడు గుసగుసగా.

"మిషను చప్పుడు లోపలికి రావట్లేదన్నా. పొద్దున వచ్చింది."

"బిళ్ళ ఊడిందేమో. దానిమీద ఓసారి గట్టిగా కొట్టి చూడు, తెలిసిపోద్ది."

"చూస్తాలెండి. తర్వాత."

తర్వాతెప్పుడో ఆమెకూ తెలియదు. బిళ్ళ అంటే మైకే, రూపాయి బిళ్ళంత ఇత్తడి రేకు, గాలిలో చప్పుడు దానికి వినపడదు, తాను అంటుకున్న వస్తువు వణికితేనే వింటుంది. మిషను ఒంటికి అంటిద్దామంటే అమ్మ పోసిన నూనెకు టేపు నిలవలేదు, అందుకని బల్లకే, మిషనుకు సరిగ్గా కింద, అడుగువైపు అంటించింది, చెక్క లోంచి వస్తే చప్పుడుకు ఇంకా బరువొచ్చిందని పొద్దున సంతోషపడింది కూడా. సౌండాయన గడియారం చూసుకున్నాడు. "పోనీ ఒక పని చెయ్యి. పొద్దున నువ్వు వాయించిందంతా నేను రికార్డు చేసి ఉంచాను. అది వేసేద్దాం. అమ్మగారు అక్కడ ఊరికే తిప్పుతుంటారు. చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? ఎవడొచ్చి బల్ల కింద దూరతాడు?" మంచి మనసుతోనే అన్నాడు. నిజమే, ఎవరికి తెలుస్తుంది? ఆమె అది అమ్మకు చెప్పడానికి నడిచింది, పది అడుగులు, పిల్లిలా.

అమ్మ చక్రం ఆపింది. మొత్తం వింది. దారపు పోగొకటి పంటితో తెంపింది.

"అంటే నేను తిప్పేది ఉత్తదన్నమాట."

"అది కాదమ్మా, పొద్దున నువ్వు కుట్టిందే. నీదే."

"నాది వినపడదా మరి? ఇప్పుడు కుట్టేది?" గుసగుసగానే అడిగింది, గుసగుసలో కూడా గొంతు కాస్త వంకర పోయింది. "సర్లే. నీకెలా వీలైతే అలా కానియ్యి. నలుగురిలో నీ మాట పోకూడదు, అంతే."

నాది వినపడదా. ఆ రెండు ముక్కలూ పట్టుకుని ఆమె బల్ల పక్కనే నిలబడిపోయింది. ఎన్ని బళ్ళ పిల్లల నిక్కర్లు, ఎన్ని లంగాలు, ఎన్ని చేతిసంచులు ఈ మిషను మీదుగా పోయాయి, తన కాలేజీ ఫీజు కూడా ఈ సూది కన్నంలోంచే దూరి వచ్చింది, అయినా చిన్నప్పటి ఏ పగలు తలచుకున్నా మిషను చప్పుడు గట్టిగా గుర్తు రాదు, దాని మీద వంగిన అమ్మ వీపు గుర్తొస్తుంది, నోట్లో తడిపి మొన సరిచేసుకునే దారం గుర్తొస్తుంది, చప్పుడు మాత్రం గోడ అవతలది. అందుకే కదా ఈ పాట అనుకుంది. ఇవాళైనా, ఒక్క అరగంటైనా, అమ్మ కుట్టే ప్రతి కుట్టూ గది నిండా మోగాలని, దానికి అమ్మే నిజంగా కుట్టాలని, లేకపోతే తను కూడా గుడ్డ కప్పినట్టేనని. రికార్డు వేస్తే నలుగురికీ తెలియదు, నిజమే. అమ్మకు తెలుస్తుంది. తన చెయ్యి ఆగినా స్వరం ఆగకపోవడం అమ్మ చూస్తుంది. చూసి ఏమీ అనదు, అదే కష్టం, ఏమీ అనదు. ఇంతలో ఆమెకు ఇంకొకటి తోచింది. తామిద్దరూ గుసగుసలాడుకుంటున్నారు. సౌండాయన కూడా, పాపం. ఈ గంటసేపూ తను చేసిన ప్రతి పరీక్షా హెడ్‌ఫోన్స్‌లోనే, ప్రతి జాక్ మెల్లగానే, అసలు మొదట చేయాల్సిన పరీక్ష, మైకు మీద ఒక దెబ్బ వేయడం, మీటర్ల పరీక్షశాలలో కొత్తగా చేరినవాళ్ళకు తనే నేర్పే మొదటి పాఠం, మొదలు దగ్గర మొదలుపెట్టు అనేది, అది మాత్రం చేయలేదు. చప్పుడవుతుందని. చప్పుడు చేయడానికి వచ్చిన చోట.

హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది. "అన్నా, స్పీకర్లు తెరవండి."

"మరి నాన్నగారు?"

"తెరవండి."

మోకాళ్ళమీద బల్ల కిందికి దూరింది. బిళ్ళ అక్కడే ఉంది, టేపు ఎక్కడా ఊడలేదు, వంటింట్లో పెనానికి అట్టు అంటుకుపోయినంత గట్టిగా చెక్కను పట్టుకుని ఉంది. గోరు ఎత్తింది. ఎత్తిన గోరు గాలిలో ఆగింది, కుక్కర్ మీద అమ్మ చెయ్యి ఆగినట్టు. కొట్టింది.

ఢాం. గంట కాదు, నగారా. ఎర్రదీపం ఒక్కటే కాదు, దాని తర్వాతివన్నీ పెట్టె ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకదాని వెనక ఒకటి వెలిగాయి, హాలు కిటికీ అద్దాలు గజగజమన్నాయి, సౌండాయన "ఓరి నాయనో" అన్నాడు, ఆమె బల్ల కిందే కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇక లేస్తారు, ఎర్రబడిన కళ్ళతో, ఏమీ అనకుండా, అదే కష్టం. ఒక కన్ను తెరిచి బల్ల కాళ్ళ మధ్యనుంచి చూసింది. మూడో వరసలో గడ్డం ఛాతీమీదే ఉంది. ఛాతీ పైకీ కిందికీ పోతోంది.

మైకు మంచిదే. తీగ మంచిదే. పెట్టె మంచిదే. మిషను తిరుగుతోంది. బల్ల ఉంది. అన్నీ మంచివే అయితే మరి మధ్యలో ఏముంది, మిషనుకీ బల్లకీ మధ్య ఏముంటుంది, ఏమీ ఉండదు కదా అనుకుంటూ బల్ల అంచు పట్టుకుని లేస్తోంది, కళ్ళు బల్ల మట్టానికి వచ్చాయి, అక్కడ ఆగాయి. మిషను కింద దుప్పటి. నాలుగు మడతలు వేసి, అంచులు చక్కగా సర్ది, మిషను అడుగుకు సరిపోయేటట్టు. పొద్దున మిషనును చుట్టి తెచ్చిన పాత దుప్పటి. ఇప్పుడు వేసింది కాదు, ఈ గంటలో ఆమె కళ్ళు దానిమీంచి ఎన్నిసార్లు పోయాయో, పోయాయి కానీ చూడలేదు, ఎందుకంటే ఇంట్లో మిషను ఎప్పుడూ దాని మీదే ఉండేది. మిషనుకు సూది ఎలాగో, చక్రం ఎలాగో, దుప్పటి అలాగే. అది లేకుండా పొద్దున చూసినప్పుడే నిజానికి ఏదో వెలితిగా అనిపించింది, ఏమిటో తెలియలేదు.

"అమ్మా! ఇదెప్పుడు పెట్టావు?"

"ఏది?"

"దుప్పటి."

అమ్మ వంగి తన మిషను కిందికే కొత్తగా చూసింది. "ఓ, ఇదా? నువ్వు తీగలు తెచ్చుకోవడానికి కిందికెళ్ళావు కదా, అప్పుడే మీ నాన్న కునుకు తీశారు. పెట్టాను." ఆగింది. "ఎందుకే, పెట్టకూడదా?"

ఆమెకు నవ్వొచ్చింది. దిండు కోసం చుట్టూ చూసినంత పనిచేసింది, దిండు గలీబే ఉంది కానీ దిండు లేదు, నవ్వు ఆగలేదు, బల్ల అంచు పట్టుకుని నవ్వింది, కంట నీళ్ళు వచ్చేటట్టు, ఒంట్లో ఎక్కడెక్కడో బిగబట్టి ఉంచుకున్నవన్నీ ఒక్కొక్కటే వదులవుతుంటే. అమ్మకు ముందు అర్థం కాలేదు, తర్వాత అయింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సౌండాయన వచ్చి మిషనును రెండు చేతులతో ఎత్తితే ఆమె దుప్పటి లాగేసింది. ఇనుము చెక్కమీద దిగింది, ఠప్పున.

"ఆయన లేస్తారే," అంది అమ్మ, చక్రం మీద చెయ్యి పెట్టి కూడా తిప్పకుండా.

"లేవనీ అమ్మా. వినడానికే కదా వచ్చారు."

అమ్మ తిప్పింది. మొదటి కుట్టుకు ఎర్రదీపం. రెండో కుట్టుకు ఎర్రదీపం. తర్వాత కుట్లన్నీ కలిసి పరుగందుకున్నాయి, వంతెన మీద రైలు, దొర్లే కొండలు, అమ్మ చెయ్యి నెమ్మదిస్తే స్వరాలు నెమ్మదించాయి, మూల తిప్పడానికి ఒక్క క్షణం ఆగి సూది దించితే ఒక్క స్వరం ఒంటరిగా గది మధ్యలో నిలబడి వేలాడింది. అమ్మ దానికేసి చూసింది, నిజంగా అది అక్కడ గాలిలో ఉన్నట్టే, నోరు కొద్దిగా తెరుచుకుని. మళ్ళీ తిప్పింది, ఈసారి కావాలనే వేగంగా, పెళ్ళిళ్ళ రోజుల్లో గడువు దగ్గరపడితే తిప్పేంత వేగంగా. నాన్న అలాగే నిద్రపోతున్నారు. పైగా తల ఇంకొంచెం సుఖంగా పక్కకు వాలింది. అదిగో, అది చూసే అమ్మ చెయ్యి ఆగిపోయింది, చప్పుడు ఠక్కున ఆగింది.

నాన్న కళ్ళు తెరిచారు. "ఏమైంది? ఎందుకాగింది?"

అమ్మ పక్కనున్న దుప్పటి అందుకుంది.

"ఏదైనా విరిగిందా?" సగం లేచారు, ఎక్కడున్నారో అప్పుడు గుర్తొచ్చింది, కూర్చున్నారు. "మిల్లనుకున్నాను. మిషన్లు ఆగాయంటే ఏదో విరిగినట్టే లెక్క. ఆడుతున్నంతసేపూ నిలబడే కునుకు తీయొచ్చు."

"మరి ఇంట్లోనో?" అంది అమ్మ. దుప్పటిని అలాగే పట్టుకుని లేచింది.

"ఇంట్లో సరిగ్గా ఎప్పుడు పట్టింది గనక నిద్ర." ఆయన ముఖం రుద్దుకుంటూ ఆవలించారు, తాను ఏం అంటున్నదీ ఆయనకు పెద్దగా పట్టింపు లేదు. "మీ తల్లీకూతుళ్ళిద్దరూ ఒకటే గుసగుసలు. గట్టిగా మాట్లాడితే వదిలేసి పడుకోవచ్చు. గుసగుసలంటే చెవి అటే పోతుంది, ఏం అనుకుంటున్నారో, ఏం దాస్తున్నారో అని."

"ఇన్నాళ్ళకా చెప్పడం!" అమ్మ గొంతు పైకప్పుకు తగిలింది. ఆ గొంతు ఉందని కూతురికి ఇప్పుడే తెలిసింది. "కుక్కర్ గొంతు నొక్కీ నొక్కీ నా చేతులు కాలాయండీ!"

"మీరు పడే పాట్లు చూసి అనడానికి మనసొప్పలేదే. నాకోసమే కదా అని ఊరుకున్నాను." ఆగి, సిగ్గుపడ్డట్టు, "బాగుండేది కూడా. నాకోసం ఇల్లంతా అలా ఉండడం," అన్నారు.

అమ్మ చరచరా మూడో వరసకు నడిచింది. దుప్పటి ఆయన ఒళ్ళో పడేసింది, కోపంగానే పడేసి, మళ్ళీ వంగి అంచు సర్దింది. "ఇదిగో, కప్పుకోండి. కానీ పడుకున్నారో, చూడండి." వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆయన దుప్పటిని భుజాల చుట్టూ లాక్కుని, పడుకునేవాడిలా కాకుండా, బల్లకేసి కుర్చీ జరిపి కూర్చున్నారు.

పెట్టె దగ్గరికి తిరిగి వచ్చాక చూసుకుంది, మీట ఇంకా కుడివైపు చివరే ఉంది, కంగారులో తిప్పింది తిప్పినట్టే, అమ్మ వేలు ఊరికే చక్రానికి తగిలితేనే ఎర్రదీపం భగ్గుమంటోంది. అంత అక్కర్లేదు. రెండు వేళ్ళతో మీటను ఎడమకు తెచ్చింది, ఇంకొంచెం, ఇంకొంచెం, పొద్దున ఉన్నచోటి కంటే కూడా ఇవతలికి. అమ్మ ఇప్పుడు పొద్దుటి కంటే గట్టిగా తిప్పుతోంది మరి. కింద మెట్ల దగ్గర జనం మాటలు వినపడుతున్నాయి. సౌండాయన అలవాటైపోయి మునివేళ్ళమీదే తలుపు దాకా వెళ్ళి, గడియమీద చెయ్యి వేసి, అక్కడినుంచి కనుబొమలెగరేసి అడిగాడు, తియ్యనా అని.

"తీసెయ్యండన్నా!" అంది ఆమె, వెనక వరసకు వినపడేలా.